యాభై మీద మూడు

నా షాపుకు కొత్తగా వచ్చిన ప్రతి రైతూ రెండు ప్రశ్నలు అడుగుతాడు. మొదటిది, "మిస్త్రీ లేడా అమ్మా?" నేనే మిస్త్రీనని చెప్పాక, కాలిపోయిన మోటరును ఆటోలోంచి దించాలా వద్దా అని కాసేపు గడ్డం గోక్కుని రెండోది అడుగుతాడు. "ఏం చదివినవ్ బిడ్డా?" ఇంటర్ అంటాను. "అంతేనా?" అంటాడు. కొత్తగూడ సెంటర్లో, రేకుల షెడ్డు కింద, చేతులకు వార్నిష్ అంటుకుని ఉండగా ఆ 'అంతేనా'కు జవాబు చెప్పాలంటే ఒక వానాకాలం మొత్తం చెప్పుకురావాలి. నారు ఎండిపోతున్న రైతుకు అంత తీరిక ఉండదు. మీకుంటే వినండి.

మూడేళ్ల కిందటి మాట. ఆ ఏడు మే నెలంతా నేను అడవిలోనే ఉన్నాను. ఇంటర్ పాసయ్యానని తెలిశాక కూడా తునికాకు కోయడం మానలేదు. మా తండాలో ఎండాకాలమంటే తునికాకే. పొద్దున్నే అడవికి పోవడం, ఎండ ముదిరేసరికి మూటలతో దిగడం, పందిరి కింద కూర్చుని కట్టలు కట్టడం. కట్టకు యాభై ఆకులు. మా బాపు దేవ్యా అయిదేసి ఆకులు వేళ్ల మధ్య పట్టి పదిసార్లు వేసేవాడు. ఆపైన మూడాకులు కొసరు. ఆ మూడూ ఎందుకంటే, సాయంత్రం ఆకు కొనే కల్లం దగ్గర కట్టల లెక్క చూసుకునే కల్లేదారు ఒకాయన ఉండేవాడు. భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చేవాడు. చిరిగిందనో మచ్చ పడిందనో రెండాకులు పీకి, "ఇగో, కట్ట తక్కువున్నది" అని మొత్తం కట్టనే పక్కకు విసిరేవాడు. పీకేవాడు పీకినా యాభై మిగలాలి, అదీ మా బాపు హుషారు. నాకు ఆరేళ్ల వయసులోనే నేర్పాడు. "మన కట్టను ఎవ్వడూ పక్కకు ఎయ్యొద్దు బిడ్డా" అనేవాడు.

ఆ నెలలోనే జనగామలో డిగ్రీ సీటొచ్చింది. బీకాం. నేను కోరుకున్నదేం కాదు, ఇంటర్నెట్ సెంటరాయన ఏది నొక్కితే అది వచ్చింది. బీకాంలో ఏం చెప్తారని అడిగితే ఆయన, "ముందుగాల చేరు, చేరినంక వాళ్లే చెప్తరు" అన్నాడు. బాపు మాత్రం తండాలో ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కబోయే మొదటిదాన్ని నేనే. కాలేజీకి పోయి సర్టిఫికెట్లు ఇచ్చి పేరు ఖాయం చేసుకోవడానికి జూన్ ఆఖరుదాకా గడువుంది. ఈలోపు పాలకుర్తి దగ్గరి తండాలో ఉన్న మా అక్క కల్యాణి ఇంటికి పంపించారు. అక్కడినుంచైతే జనగామకు బస్సు ఉంటుందని.

మృగశిర కార్తె వచ్చింది. చినుకు రాలేదు. బావుల కింద నార్లు పోసుకున్న రైతులు కరెంటున్నంత సేపూ మోటర్లు తిప్పారు. మోటర్లేమన్నా ఎడ్లా, అలిసినమని నిలబడిపోవడానికి? కాలిపోయాయి. మా బావ ప్రేమ్‌సింగ్‌కు ఆటో ఉంది. మామూలు రోజుల్లో మనుషుల్ని ఎక్కించుకునే ఆటోలో ఆ నెల మోటర్లే ఎక్కాయి. ఇంట్లో కూర్చుంటే ఏం తోస్తుంది, నేనూ ఒకరోజు మోటర్ల మధ్య ఇరుక్కుని పాలకుర్తి పోయాను.

జనగామ రోడ్డు మీద రహ్మాన్ చాచా షాపు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, సీసా అడుగంత మందం కళ్లద్దాలు. ముందు పందిరి కింద మోటర్లు దవాఖానలో రోగుల్లాగా వరుసలో ఉన్నాయి. ఆయన ఒక మోటరు పొట్ట తెరిచి, లోపల చుట్టూ ఉన్న గాడుల్లోకి రాగి తీగల చుట్టలు దోపుతున్నాడు. బావ మోటర్లు దించుతుంటే నేను పోయి ఆయన పక్కన గొంతుకూర్చున్నాను. ఏదైనా విప్పి ఉంటే లోపల చూడకుండా ఉండలేను, నా జబ్బు అది. అంతకుముందు వారమే మా అక్క మిక్సీ విప్పి వీపు మీద రెండు తిన్నాను.

"చాచా, ఒకటడుగుత."

"అడుగు."

"గీ తీగలన్నీ ఒకదానికొకటి ఆనుకొనే ఉన్నయి గద. మరి కరెంటు పక్క తీగకు దుంకకుండ సక్కగ ఎట్ల పోతది?"

ఆయన చెయ్యి ఆగింది. కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"నలభై ఏండ్ల సంది రైతులు మోటర్లు తెస్తున్నరు. ఎప్పుడిస్తవ్, ఎంతైతది, గిదే అడుగుడు. గీ మాట ఒక్కడన్న అడగలే" అన్నాడు. ఒక తీగ ముక్క తీసుకుని చాకుతో గీకాడు. ఎర్రటి పొర లేచి లోపల రాగి తళుక్కుమంది. "పైనున్నది రంగు గాదు బేటా, పూత. తీగ తొడుక్కున్న అంగి అనుకో. అంగి చినిగిందా, కరెంటుకు సిగ్గుండదు, యాడబడితే ఆడ దుంకుతది. గప్పుడే మోటరు కాలుతది."

"అంగి ఎట్ల చినుగుతది?"

"వేడికి."

"వేడెందుకైతది?"

"ఓ ప్రేమ్‌సింగ్!" అని అరిచాడు. "నీ మర్దల్ని తీస్కపోవయ్యా. దీని నోట్ల ప్రశ్నల పుట్టున్నది!"

తీసుకుపోయాడు గానీ మర్నాడు మళ్లీ పోయాను. ఆ మర్నాడూ పోయాను. నాలుగో రోజు చాచా భార్య గుల్షన్ బేగం నాకూ ఒక గ్లాసు చాయ్ పెట్టింది. చాయ్ పెట్టిందంటే ఆ షాపులో మనకో జాగా ఉన్నట్టే. అక్క మాత్రం, "డిగ్రీ సీటొచ్చిన పిల్లవు, ఆ నూనె మరకలేందే? లంగా చూడు, బొగ్గుల బస్తా లెక్కున్నది" అని పొద్దూ మాపూ వాయించేది.

కాలిన తీగను కోసి లాగడం, గాడులు తుడవడం, గాడుల్లో కాగితం పరచడం, ఇవన్నీ పది రోజుల్లో పట్టుబడ్డాయి. తర్వాత చుట్టడం. ఒక పిడి, పిడికి కట్టెఫర్మా, అంటే చుట్ట అచ్చు, పిడి తిప్పితే ఫర్మా తిరిగి తీగ చుట్టుకుంటుంది. ఎన్ని చుట్లయ్యాయో చూపించే ముల్లు విరిగిపోయి ఎన్నేళ్లయిందో! కొత్తది పెట్టించరాదా అంటే చాచా ఒప్పుకోలేదు. "మిషన్ లెక్కవెడితే మనిషి ముచ్చట్లు వెడతడు. నోటితోనే లెక్కవెట్టు" అన్నాడు. నేను అయిదేసి లెక్కపెట్టుకుంటూ పాత తీగ మీద చుట్టేదాన్ని, విప్పేదాన్ని. చుట్ట బిగువుగా ఉందా, తీగ మీద తీగ ఎక్కిందా, ఇదే చూసేవాడు చాచా. నా లెక్క మీద ఎవరికీ అనుమానం రాలేదు, నాకైతే అసలే రాలేదు.

ఒక మధ్యాహ్నం చాయ్ తాగుతూ చాచీ అసలు సంగతి చెప్పింది. చాచా రెండు కళ్లకూ పొరలు వచ్చాయి. జూలై మొదటి వారంలో వరంగల్‌లో ఆపరేషన్. ఆ తర్వాత నెల రోజులు వేడికీ పొగకూ దూరంగా ఉండాలన్నారట. కొడుకు అకీల్ హైదరాబాద్‌లో ఏసీలు బిగిస్తాడు, వాడు రాడు. సీజను మధ్యలో నెల రోజులు షాపు మూస్తే వచ్చే రైతులు ఇంకో దుకాణం మరుగుతారు.

"నువ్వు నిలవడుతవా?" అని చాచా నన్నడిగాడు. నవ్వుతూ అడగలేదు.

నాకు పుట్టింది భయం కాదు, ఆశ. మొదటిసారి నేను ఒక పనిని ఇంత గట్టిగా కోరుకోవడం. మోటరు మొండిగా ఎందుకు నిలబడిపోయిందో కనిపెట్టి దాన్ని మళ్లీ తిప్పితే వచ్చే సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ రాలేదు. బాపుకు ఫోన్ చేసి చెప్పాను.

"తునికాకు కోసి నిన్ను ఇంటర్ దాక తెచ్చిన. మోటర్లు కడుగుతనంటున్నవా?"

"కడుగుడు గాదు బాపు. చుట్టుడు."

"ఏదన్న గానీ. ఎవ్వడన్న నిన్ను ఏం చదివినవంటే ఏం చెప్తవ్?"

నేను ఏడ్చాను, బతిమాలాను, చివరికి అలిగి అన్నం మానేశాను. బాపు దిగివచ్చాడు గానీ షరతు పెట్టాడు. కాలేజీ గడువు ఆఖరి రోజున తనే వస్తాడట. తన ముందర ఆ రహ్మాన్ సాబ్ 'ఈ పిల్లకు పనొచ్చింది' అని నోరారా అనాలి. అంటే సరే. అనకపోతే ఆ పొద్దటి బస్సుకే జనగామ పోయి కాలేజీలో చేరాలి. ఆ తర్వాత మోటరు మాటెత్తకూడదు.

గడువు ఇంకో అయిదు రోజులుందనగా పక్క ఊరి సంజీవ తన మోటరు తెచ్చాడు. మూడు హార్స్‌పవర్‌ది, బావి మీదిది. రెండెకరాలకు నారు పోశాడట. చాచా నాకు లెక్క చెప్పాడు. మొత్తం పన్నెండు చుట్టలు, ఒక్కో చుట్టకు యాభై చుట్లు. కరెంటు మూడు తీగల్లో వస్తుంది కాబట్టి మోటరులో కూడా మూడు వాటాలు, వాటాకు నాలుగు చుట్టలు. మూడు వాటాలూ సమానంగా బరువు మొయ్యాలి.

"ఎనిమిది నేను చుడుత. నాలుగు నువ్వు చుట్టు" అన్నాడు.

కొత్త తీగ మీద నా చెయ్యి పడటం అదే మొదలు. నాలుగూ చుట్టాను. దోపాము, ముడులు వేశాము, వార్నిష్ పోసి ఎండలో పెట్టాము. మర్నాడు షాపులోనే ఖాళీగా తిప్పి చూస్తే గిర్రున తిరిగింది. సంజీవ తొందరపెడుతుంటే ఇంకే పరీక్షా చేయకుండా ఎత్తి పంపించాము. ఆ సాయంత్రం ఆటోలో నేను పాడిన పాటలకు బావ చెవులు మూసుకున్నాడు.

మూడో రోజు పొద్దెక్కాక మోటరు తిరిగొచ్చింది. సంజీవ ముఖం కందగడ్డలా ఉంది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టాయె రహ్మాన్ భాయ్! గంట నడుస్తది, గుర్రుమంటది, ఆగిపోతది. చెయ్యి వెడితే కాలుతాంది. నా నారుమడి నెర్రెలు బారుతాంది, ఎవనికి చెప్పుకోవాలె?"

చాచా షాపులో నీళ్ల తొట్టికి మోటరు బిగించి, నీళ్లు ఎత్తిస్తూ టాంగ్ టెస్టర్ తెమ్మన్నాడు. అది తీగను పటకారులా పట్టుకుని, ఎంత కరెంటు లాగుతుందో చెప్పే మీటరు. మూడు తీగలకూ పెట్టి చదవమన్నాడు. రెండు తీగల్లో ఒకే అంకె వచ్చింది. మూడోదాంట్లో బాగా తక్కువ వచ్చింది.

"ఒక వాటా కుంటుతాంది" అన్నాడు చాచా. "ముందే గిది పెట్టి చూడాల్సింది. తప్పు నాది గూడ."

ఆ వాటా ఎవరిదో అడగాల్సిన పనిలేదు. గడువుకు ఇంకా ఒక్కరోజే ఉంది. బాపు ఆ సాయంత్రమే అక్క ఇంటికి వస్తున్నాడు.

మోటరు విప్పి, చుట్టలను ఒక పక్కన కోయమన్నాడు చాచా. కోస్తే ఎన్ని చుట్లుంటే అన్ని తెగిన కొసలు కనిపిస్తాయి, లెక్కపెట్టుకోవచ్చు. ముందు ఆయన చుట్టినది. యాభై. తర్వాత నాది. లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను.

"ఎంత?"

"యాభై మూడు" అన్నాను.

"సంజీవా, నువ్వు సూడు."

సంజీవ కూడా కూర్చుని గోటితో ఒక్కో కొసా జరుపుతూ లెక్కపెట్టాడు. యాభై మూడే. రెండోది కోశాము, యాభై మూడు. మూడోది యాభై మూడు. నాలుగోదీ అంతే. నేను తల పట్టుకున్నాను.

"యాభైయే లెక్కవెట్టిన చాచా. మా సేవాలాల్ దేవుని తోడు. ఒక్కటి ఎక్కువ చుట్టలే."

తిడతాడనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. మొదటి రోజు నా ప్రశ్న విన్నప్పటి చూపు ఉంది.

"అరె, తమాషా ఉన్నదే! లెక్క తప్పితే ఒకదాంట్ల నలభై తొమ్మిది రావాలె, ఇంకోదాంట్ల యాభై రెండు రావాలె. నాలుగిట్ల ఒక్కతీరు యాభై మూడా? గిది తప్పిన లెక్క గాదు. ఎవరో నేర్పిన లెక్క. ఏం లెక్క బేటా గిది?"

"నాకెర్క లేదు."

"నాకు గూడ ఎర్క లేదు. పా, సూద్దాం. పాత తీగ పెట్టి చుట్టు. బిరాన చుట్టకు, ఎప్పటి తీరుగనే చుట్టు."

చుట్టడం మొదలుపెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ మిషన్ పిడికి ఒక అలవాటుంది, తిరిగిన ప్రతిసారీ కిందికి రాగానే కీచుమంటుంది. నూనె వేస్తానంటే చాచా ఎప్పుడూ వెయ్యనివ్వలేదు. నేను లెక్కపెట్టాను. ఎనిమిది అయిదులు, తొమ్మిది అయిదులు, పది అయిదులు. ఆపి తీగ కత్తిరించబోయాను.

"ఆగు" అన్నాడు కళ్లు తెరవకుండానే. "నీ నోరు యాభైకి ఆగింది. మిషన్ ఇంకో మూడుసార్లు అరిచింది."

చాచీ, సంజీవ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నేను సూసిన" అంది చాచీ. "నోరు మూసుకున్నంక చెయ్యి తిరిగింది బిడ్డా. బిరబిర మూడుసార్లు."

అప్పుడు నాకు మా పందిరి కనిపించింది. కింద ఆకుల కుప్ప, ఎదురుగా బాపు. పది అయిదులు, మీద మూడు. పన్నెండేళ్ల నుంచి ప్రతి ఎండాకాలం వేల కట్టలు. ఆ మూడింటినీ మేము నోటితో లెక్కపెట్టం. కొసరును ఎవరు లెక్కపెడతారు? చెయ్యే వేస్తుంది.

సిగ్గు విడిచి తునికాకు సంగతంతా చెప్పాను. సంజీవకు అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "మోటరుకు గూడ కొసరు వేసినవా తల్లీ!" అన్నాడు. చాచా నవ్వలేదు. "బజార్ల కూరగాయలకు కొసరేస్తే మంచోళ్లంటరు. మోటరుకేస్తే కుంటుతది" అని మాత్రం అన్నాడు.

తెలిసింది కదా, ఇక ఆగిపోతుందనుకున్నాను. ఎక్కడ ఆగుతుంది! మళ్లీ చుడితే యాభై మూడు. ఒళ్లు దగ్గర పెట్టుకుని చుడితే యాభై ఒకటి దగ్గర ఉలిక్కిపడి ఆగాను. ఆగాలి ఆగాలి అనుకుంటూ చుడితే నడుమ లెక్కే తప్పింది. ఎండ వాలేదాకా చుట్టడం, విప్పడమే. నా చెయ్యి నా మాట వినకపోవడం నాకదే మొదటిసారి, ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. సంజీవ లేచాడు.

"రేపు పొద్దు నడినెత్తికొచ్చేదాక చూస్త. గంతే. తర్వాత జనగామకు ఎత్తుకపోత" అని చెప్పి వెళ్లిపోయాడు.

"చాచా, మీరే చుట్టుండ్రి. నాతోని గాదు" అన్నాను.

"నేను ఒక్క పూటల చుడుత, మోటరు తిరుగుతది. మరి వచ్చే నెల?" అన్నాడు. "రేపు పన్నెండుకు పన్నెండు నువ్వే చుట్టాలె. సక్కగొస్తే నీ బాపుకు మాట చెప్త. రాకపోతే అబద్ధం ఆడను బేటా. అబద్ధమాడి నిన్ను నిలవెట్టుకుంటే నువ్వు గూడ రైతులకు గట్లనే చెప్తవ్."

మర్నాడు పొద్దున బావ ఆటోలో బాపు కూడా వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, చంకలో ప్లాస్టిక్ కవరు. కవరులో నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్. జనగామ బస్సు పదిన్నరకు. అది షాపు ముందే ఆగుతుంది. బాపు వచ్చి సంజీవ పక్కన బల్ల మీద బిగుసుకుని కూర్చున్నాడు. చాచాతో సలాం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

మొదటి చుట్ట. పది అయిదులు. కీచు. యాభై ఒకటి. విప్పాను. మళ్లీ చుట్టాను. కీచు, కీచు. విప్పాను. చెమట కళ్లలోకి దిగుతోంది. మూడోసారి విప్పేటప్పుడు బాపు అడిగాడు.

"ఎందుకు విప్పుతున్నది? మంచిగనే చుట్టింది గద."

నేనే చెప్పాను. యాభై దగ్గర ఆగాలని, చెయ్యి ఆగడం లేదని, మీద మూడు వేస్తోందని.

"మూడా?" అన్నాడు.

"మూడే బాపు. నువ్వు నేర్పిన మూడు."

బాపు తన చేతుల వంక చూసుకున్నాడు. తునికాకు జిగురుకు నల్లబడిన వేళ్లు, ఆ నలుపు వానాకాలం సగందాకా పోదు. కవరును ఒడిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత మా లంబాడీ భాషలో, షాపువాళ్లకు అర్థం కాకుండా, మెల్లగా అన్నాడు.

"ఈ డిగ్రీ గూడ గందుకే అన్న బిడ్డా. నీకు చేతనైతది, నాకెర్కే. కాని రేపు ఎవ్వడన్న వచ్చి నీలోన ఏదన్న మచ్చ పట్టి పక్కకు ఎయ్యొద్దని. మీదికెళ్లి ఏదన్న ఉండాలని."

ఇన్ని రోజులూ పరువు కోసం, ఊళ్లో చెప్పుకోవడం కోసం పట్టుబట్టాడని కోపం పెంచుకున్నాను. పాపం, ఆయన నాకు మూడాకులు వేద్దామనుకున్నాడు.

బాపు లేచాడు. కవరు బల్ల మీద పెట్టి, వచ్చి మిషన్‌కు అవతలి పక్క నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ అంగీ సంగతి మరిచిపోయాడు.

"తిప్పు" అన్నాడు.

నేను తిప్పాను. బాపు పందిరి కింద లెక్కపెట్టే గొంతుతో అయిదేసి లెక్కపెట్టాడు. పది అయిదులు కాగానే ఫర్మా మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. పిడి ఆగిపోయింది. ఆయన రెండో చెయ్యి మోకాలి మీద ఉంది, దాని వేళ్లు మాత్రం మూడుసార్లు కదిలాయి. అది నేనూ చూశాను, ఆయనా చూసుకున్నాడు.

"సాలు" అన్నాడు. నాతో అన్నాడో ఆ వేళ్లతో అన్నాడో తెలియదు.

కత్తిరించాను. చాచా కళ్లు మూసుకునే, "యాభై" అన్నాడు. రెండోది, మూడోది, నాలుగోది అలాగే. అయిదో చుట్ట అయ్యేసరికి బస్సు వచ్చి ఆగింది. బావ రోడ్డు మీదికి ఉరికి, "మామా, బస్సు!" అని కేకేశాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

బాపు తల తిప్పలేదు. "ఇంకెన్నున్నయి?" అని నన్నడిగాడు.

"ఏడు."

"కానియ్."

బస్సు కాసేపు ఆగి వెళ్లిపోయింది. సంజీవ అటు చూశాడు, ఇటు చూశాడు, ఏదో అడగబోయి చాచీ కళ్లెర్ర చేస్తే ఊరుకున్నాడు. తొమ్మిదో చుట్ట నుంచి బాపు చెయ్యి అడ్డం పెట్టలేదు. పదకొండో దానికి లెక్క కూడా మానేసి ఊరికే కూర్చున్నాడు. పన్నెండోది నేనొక్కదాన్నే చుట్టాను. పది అయిదులు. పిడి ఆగింది. అందరం చెవులు రిక్కించాం, కీచుమని ఒక్కసారి కూడా అనలేదు.

దోపడం, ముడులు, వార్నిష్ అయ్యేసరికి పొద్దు నడినెత్తి దాటింది. సంజీవ తాను పెట్టిన గడువు మరిచిపోయి మూడు చాయ్‌లు తాగాడు. వార్నిష్ ఎండేదాకా ఆగి, తొట్టికి బిగించి నీళ్లు ఎత్తించాం. నేను టెస్టర్ పెట్టాను. మొదటి తీగ, రెండో తీగ, మూడో తీగ.

"మూడు ఒక్కతీరు ఉన్నయా?" అన్నాడు బాపు. ఏం చూస్తున్నామో ఆయనకు తెలియదు, కానీ ఊపిరి బిగబట్టింది ఆయనే.

"ఒక్కతీరు ఉన్నయి" అన్నాను. మోటరు సన్నగా, గుర్రుమనకుండా, తన పని తాను చేసుకుంటోంది. గొట్టంలోంచి నీళ్లు తొట్టిలో పడి పొంగి సంజీవ కాళ్లు తడిపాయి. ఆయన జరగలేదు.

బాపు చాచా వైపు తిరిగాడు. "సాబ్, ఏమంటవ్ మరి?"

"నేననేదేమున్నది దేవ్యా? పనొచ్చింది. వచ్చే వారం నా కండ్లకు పట్టీ కడుతరు. నా షాపుల ఏది యాడున్నదో ఇగ ఆమెనే నాకు చెప్పాలె."

బాపు తల ఊపాడు. అంగీ మీద వార్నిష్ మరక చూసుకుని గోటితో గీకాడు, అది పోయేది కాదు. బల్ల మీది కవరు తీసుకున్నాడు. ఇంటికి పట్టుకుపోతాడనుకున్నాను. చుట్టూ చూసి, గోడ మీది చెక్క దగ్గరికి పోయి, చాచా మోటర్ల లెక్కలు రాసుకున్న పాత నోటుబుక్కు మీద దాన్ని జాగ్రత్తగా పెట్టాడు.

"గిది గీడ ఉండనియ్ బిడ్డా" అన్నాడు. "కొసరుకు."

మూడేళ్లయింది. చాచాకు ఇప్పుడు కళ్లద్దాలతో చక్కగా కనిపిస్తుంది, నాకు ఫోన్ చేసి ఏ మోటరుకు ఎన్ని చుట్లు అని పరీక్షలు పెడుతుంటాడు. నేను మా తండా దగ్గరి కొత్తగూడకు వచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నాను. చుట్ల లెక్క చూపించే మంచి మిషన్ ఉంది, అయినా నోటితో లెక్కపెట్టనిదే నాకు తోచదు. పిడికి నూనె వేయను. తునికాకు రోజుల్లో బాపు కల్లం నుంచి నేరుగా షాపుకు వచ్చి, బల్ల మీద కూర్చుని, నేను చుడుతుంటే పెదాలు కదుపుతూ లెక్కపెడతాడు.

ఆ కవరు కూడా నాతోపాటే వచ్చింది. పై చెక్క మీద ఉంది, దుమ్ము పడితే తుడుస్తాను. ఏం చదివినవ్ బిడ్డా అని రైతు అడిగితే ఇంటర్ అంటాను. అంతేనా అంటే, అంతే అంటాను. మీద మూడు కాగితాలు మా బాపు కొసరు.